ఏడాది కల్లు

ఎంబుయుని గుడారాల విడిది,
రువాహా నది ఒడ్డు,
ఫిబ్రవరి.

అక్కా,

నీ ఉత్తరం కూరగాయల లారీలో, క్యాబేజీ సంచుల మధ్య కూర్చుని వచ్చింది. కాగితం కాస్త చెమ్మగిల్లిందిగానీ, వెనకవైపు ఫరాజా వేసిన ఏనుగు మాత్రం చెక్కుచెదరలేదు. ఆ ఏనుగుకి ఐదు కాళ్ళెందుకని అడుగు. ఐదోది తొండమని బుకాయిస్తుంది, నమ్మకు. తొండం వేరే ఉంది. రోజూ ఏనుగుల మొహం చూసి నిద్ర లేచేదాన్ని, అమ్మని మాయ చేయలేవని చెప్పు. ఆ బొమ్మని నా మంచం పక్కన గుడారపు గుడ్డకి పిన్నీసుతో తగిలించుకున్నాను.

అక్కడ భయం వెయ్యదా అని అడిగావు. భయం కంటే విసుగు ఎక్కువ. పొద్దున్న పక్క దుప్పట్లు మార్చడం, మధ్యాహ్నం ఉతకడం, సాయంత్రం దోమతెరలు దించడం. గుడారం నుంచి వంటింటికి పట్టుమని వంద గజాలు లేదు, అయినా కాపలావాడు పక్కన లేకుండా కదలకూడదు. మొన్న జంతువుల్ని చూడొచ్చిన ఒక ముసలి దొరసాని నా చెయ్యి పట్టుకుని, "ఇంత స్వేచ్ఛగా బతకడం నీ అదృష్టం" అంది. జంతువులన్నీ బయట తిరుగుతున్నాయి, మనుషులం గుడారాల జిప్పు వేసుకుని లోపల కూర్చున్నాం. నాకు నవ్వాగక దిండు గలీబు మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

నా కాపలావాడి పేరు కొంబా. పళ్ళు రాలిపోయిన ముసలాడు, సొంగేయా వైపు ఎంగోని తెగ మనిషి. మన హెహెలకీ వాళ్ళకీ ఉన్న వేళాకోళపు చుట్టరికం నీకు తెలుసుగా, ముత్తాతలు బల్లేలతో పొడుచుకున్నందుకు మనం నోటితో పొడుచుకోవాలి, ఎంత మాటన్నా కోపం తెచ్చుకోకూడదు. ఆ ముసలాడు ఆ హక్కుని ఒక్క పూట కూడా వదులుకోడు. "ఏమే పెళ్ళామా, ఈ పూట కోడి కూరా, కుక్క కూరా? మీ హెహెవాళ్ళ ఇంట కుక్కలు మొరగవుట, మొరిగే లోపే ఉడుకుతాయిట!" అంటాడు. నేనూరుకుంటానా? "ఏ కూరైతే నీకేం తాతా, నీ పళ్ళు మీ తాతలతోపాటే మా బల్లేలు చూసి పారిపోయాయిగా" అంటాను. ఆయన పడీ పడీ నవ్వుతాడు. మా ఆయన ఫెస్టో పోయాక నేను నవ్వింది ఇక్కడే.

నుదుటికి కట్టుకున్న నల్లగుడ్డ చూసి అతిథులు దిగులు పడుతున్నారు, తీసెయ్యమన్నాడు మేనేజరు. వితంతువు నల్లగుడ్డ తనంతట తాను తీసుకోకూడదయ్యా అంటే అర్థం చేసుకోలేదు. దాని మీద తెల్ల రుమాలు కట్టి కప్పేశాను.

అసలు విషయం విను. మార్చి ఆఖరుకి వానలకని విడిది మూసేస్తారు. లారీ దిగి నేరుగా నీ ఇంటికొస్తాను. అర్ధరోజు కూడా ఉండను, ఫరాజాని తీసుకుని న్జోంబే వెళ్ళిపోతాను. అక్కడి కుట్టుపని బడి సిస్టర్ పిల్లతో సహా రమ్మంది. అత్తవారు ఏడాది కల్లు పోసి, వితంతువు నల్లగుడ్డ విప్పి మరిదికి కట్టబెట్టే రోజుకి మేం ఆ ఊరి పొలిమేరల్లో ఉండకూడదు. కర్మనాడు మా మరిది గౌడెన్స్ అన్న మాట ఇంకా చెవుల్లోనే ఉంది. "అన్న గొడ్డళ్ళు, అన్న మేకలు, అన్న పెళ్ళాం, అన్నీ నా వాకిట్లోకి రావాలి" అన్నాడు. మేకల తర్వాత చెప్పాడక్కా నన్ను! ఇంట్లో ఇద్దరు పెళ్ళాలున్నవాడు.

నా బంగారుతల్లిని ముద్దు పెట్టుకో.

నీ చెల్లెలు
త్విలుంబా

*

కలెంగా,
మార్చి.

చెల్లీ త్విలుంబా,

దేవుడి దయవల్ల మేమంతా క్షేమం. ఇక్కడ వాన బాగా పడుతోంది. మొక్కజొన్న మోకాళ్ళు దాటింది, బీన్స్ కి మాత్రం పురుగు పట్టింది. మీ బావకి నడుం నొప్పి మళ్ళీ తిరగబెట్టింది, వేడి ఇటుక గుడ్డలో చుట్టి కాపు పెడుతున్నాను. ఈ ఏడు వెదుళ్ళకి కల్లు విరగబడి కారుతోంది. పొద్దున్న కోసిన కొమ్మకి సాయంత్రానికి గిన్నె నిండుతోంది. ఊళ్ళో మగాళ్ళు పొద్దెక్కకుండానే తూలుతున్నారు.

పిల్ల గురించి దిగులు పెట్టుకోకు. దానికి తిండికి లోటు లేదు.

నువ్వు తొందరపడి రావద్దు. వానలో లారీ ప్రయాణం మంచిది కాదు. పని ఉంటే ఇంకో నెల అక్కడే ఉండు. ఫాదర్ గారు కూడా అదే అన్నారు, కష్టకాలంలో ఓపికే మందు అని. నా పేరే వుమీలియా కదా, ఓర్చుకోమని పెట్టిన పేరు. నీకూ అదే చెప్తున్నాను.

గొంగళి కప్పుకుని పడుకో. తడిబట్టతో ఉండకు.

ఇట్లు
మీ అక్క

*

ఎంబుయుని,
మార్చి ఆఖరు.

అక్కా,

ఇరుక్కుపోయాను.

వాన ముందే దిగింది. అతిథుల్ని చిన్న విమానం ఎక్కించి పంపేశారు. మర్నాడు లారీ వచ్చింది. వంటవాళ్ళు, డ్రైవర్లు, మంచాలు, పరుపులు అన్నీ ఎక్కాయి. నేను మూట పట్టుకుని నిలబడితే మేనేజరు, "దుప్పట్లు ఇంకా తడిగా ఉన్నాయి, ఆరబెట్టి రెండో లారీకి రా" అన్నాడు. రెండో లారీ రాలేదు, ఇక రాదు. వెనకవైపు వాగు పొంగింది, ముందువైపు నది. విమానం దిగే నేలంతా నల్లరేగడి, కాలు పెడితే చెప్పు అక్కడే ఉండిపోతుంది. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, అది వట్టి సామెత అనుకున్నానిన్నాళ్ళూ.

మిగిలింది నేనూ కొంబా తాతా. గుడారాలన్నీ మడిచేశారు, రెండే ఉంచారు. గడ్డి తలెత్తు పెరిగింది, అందులో ఏముందో కనపడదు. నిన్న మిట్టమధ్యాహ్నం వంటింటి తలుపు తీసేసరికి ఏనుగు తోటకూర మడిలో నిలబడి తింటోంది. అది కదిలేదాకా పొయ్యి పక్కన ముడుచుకుని కూర్చున్నాను. గుడారం, వంటిల్లు, బట్టలారేసే తీగె. తిరగలి చుట్టూ తిరిగే ఎద్దులా ఇవే నా లోకం. వదిలెళ్ళిన దుప్పట్లు ఈ రోజుకీ ఆరలేదు. వాటిని చూస్తే చింపెయ్యాలనిపిస్తోంది.

అవతలి ఒడ్డున అటవీ కాపలావాళ్ళ ఠాణా ఉంది. నది మీద ఇనప తీగె కట్టి, కప్పీకి ఒక చెక్కపెట్టె వేలాడదీశారు. పిండీ ఉప్పూ అందులో వస్తాయి. నీ ఉత్తరం కూడా పిండి సంచి మీద కూర్చుని వచ్చింది.

ఆ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివాను. బావ నడుం గురించి రాశావు, బీన్స్ పురుగు గురించి రాశావు. "దానికి తిండికి లోటు లేదు" అన్నావు. తింటోంది అనలేదు. ఐదు కాళ్ళ సంగతి అడిగావో లేదో చెప్పలేదు. పిల్లేమందో ఒక్క ముక్క లేదు. కాగితం వెనక్కి తిప్పాను. ఖాళీ. నీ ఉత్తరం వెనక ఏనుగు లేకుండా ఎప్పుడూ రాలేదక్కా.

ఫరాజా ఎక్కడ?

త్విలుంబా

*

కలెంగా,
ఏప్రిల్, మట్టల ఆదివారం.

చెల్లీ,

ఇక దాచలేను. పిల్ల నా దగ్గర లేదు.

ఫిబ్రవరిలోనే గౌడెన్స్ వచ్చాడు, వెంట ఇద్దరు పెద్దమనుషులు. "మా రక్తం మా ఇంట ఉండాలి, పరాయి పొయ్యి మీద ఉడికింది తినకూడదు" అన్నాడు. నేను గడప మీద అడ్డంగా కూర్చున్నాను, దేవుడే సాక్షి. మీ బావ వెనక నుంచి, "వాళ్ళ పిల్ల వాళ్ళది, లేవవే" అన్నాడు. లేచాను. లేవక ఏం చెయ్యమంటావ్? రేపు నేనూ ఈ ఇంట్లోనే బతకాలి. నీకు రాస్తే వానలో పడి వచ్చేస్తావు, నేరుగా వాడి నోట్లో పడతావు. అందుకే రావద్దన్నాను.

పిల్లని కొట్టడం లేదుట. వాడి చిన్నపెళ్ళాం మంచిదే. నేను రెండు ఆదివారాలు వెళ్ళాను, వాకిలి దాకా రానిచ్చారు. ఫరాజా కంచె పక్కన కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు. అమ్మ వచ్చిందా అని ఒక్క మాటే అడిగింది. బొమ్మ వేస్తావా అంటే తల అడ్డంగా ఊపింది.

ఏడాది కల్లు ఈస్టర్ తర్వాతి శనివారం అని చాటింపు వేశారు. గౌడెన్స్ ఊరందరితో చెప్తున్నాడు. ఆ రోజు నీ నుదుటి నల్లగుడ్డ తన చేత్తో విప్పుతాడుట, కొత్త గుడ్డ తనే కడతాడుట. "తల్లి వస్తే పిల్ల తల్లి దగ్గరుంటుంది. రాకపోతే ఆ తల్లి మొహం పిల్ల మళ్ళీ చూడదు" అన్నాడు.

నువ్వు వస్తే వాడి పెళ్ళానివి. రాకపోతే పిల్ల లేదు. నాకేమీ తోచడం లేదు. కన్నీళ్ళతో కాగితం పాడైంది, ఇంకోటి లేదు.

వుమీలియా

*

ఎంబుయుని,
ఈస్టర్ సోమవారం.

అక్కా,

ఈ ఉత్తరం తెచ్చిన ముసలాయనే కొంబా. ముందు ఆయనకి నీళ్ళిచ్చి, సంకటి పెట్టి, తర్వాత చదువు. పళ్ళు లేవు, కూర మెత్తగా ఉడకనీ.

మొదట రాసిన ఉత్తరం పొయ్యిలో పెట్టాను. అందులో నిన్ను అనరాని మాటలన్నాను. గడప మీంచి లేచినందుకు నిన్ను క్షమించడానికి నాకింకా కొంతకాలం పడుతుంది. అంతవరకే చెప్తాను.

నీ కబురు అందిన రోజు నాకు ఒళ్ళు తెలియలేదు. మూట కట్టుకుని లారీ దారి పట్టి నడిచాను. మోకాలి లోతు బురద, రెండువైపులా తలెత్తు గడ్డి. వాగు దాకా పోయాను. వాగు ఎర్రగా, పిచ్చెత్తినట్టు పోతోంది. అవతల గట్టు మీద అడవిదున్నలు నన్నే చూస్తున్నాయి. కాలు ముందుకి వెయ్యలేదు, వెనక్కీ వెయ్యలేదు. అలా నిలబడిపోయాను. కొంబా తాత సత్తు పళ్ళెం వాయించుకుంటూ వెనకాలే వచ్చాడు.

"ఏమే, సింహానికి భోజనం మోసుకెళ్తున్నావా?" అన్నాడు.

"గౌడెన్స్ తినేకంటే సింహం తింటే నయం తాతా" అన్నాను. అని, అక్కడే బురదలో కూలబడి ఏడ్చాను. చిన్నప్పుడు అమ్మ పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు. ఆయన వేళాకోళం ఆడలేదు. నా మూట తన నెత్తిన పెట్టుకుని వెనక్కి నడిపించాడు.

వంటింట్లో టీ కాచి ఇచ్చి అంతా అడిగాడు. చెప్పాను. చెక్కపెట్టెలో నది దాటి వెళ్ళిపోతాను, గుడ్డ విప్పించుకుంటాను, నా పిల్ల పక్కన చచ్చినట్టు పడుంటాను అన్నాను. నిర్ణయించేసుకున్నానక్కా, అబద్ధం చెప్పను.

ఆయన చాలాసేపు గ్లాసులోకి చూసి, "మీ ఆయన కర్మకి వేళాకోళపు చుట్టం ఎవరొచ్చారే?" అని అడిగాడు.

ఎవరూ రాలేదన్నాను. మన ఊళ్ళో ఉన్న ఒక్క ఎంగోని కుటుంబం మఫిందీ తేయాకు తోటలకి వెళ్ళిపోయిందిగా.

"అయ్యో! నవ్వించేవాడు లేకుండా పూడ్చారా! పాపం వాడు ఏడాదిగా గుంటలో బోర్లా పడుకుని ఉంటాడు" అన్నాడు. తర్వాత, "నువ్వు వెళ్తే పెళ్ళి అవుతుంది. నేను వెళ్తే నవ్వులాట అవుతుంది. నువ్విక్కడే ఉండి దుప్పట్లు ఆరబెట్టు" అన్నాడు.

ఏం చేస్తావు తాతా అంటే చెప్పడు. కర్మనాటి వేళాకోళపు చుట్టం చేతికి అందింది లాక్కోవచ్చునని మనకి తెలుసు, విడుదల, అంటే ఆయన అడిగిన వెల, ఇస్తే తిరిగి ఇచ్చెయ్యాలనీ తెలుసు. ఇచ్చెయ్యాలిగా! అదే నా భయం. కానీ నాకు ఇంకో దారి లేదు. పిల్లకి నమ్మకం కుదరాలంటే ఏం చెప్పాలి అని మాత్రం అడిగాడు. చెప్పాను.

ఈ పూట ఆ పెట్టెలో కూర్చుని వెళ్తున్నాడు. తీగె తుప్పు పట్టి ఉంది. "పిండి సంచి కంటే తేలిక నేను" అంటున్నాడు. ఆయన వెళ్ళాక ఇక్కడ నేనొక్కదాన్నే. ఏనుగొస్తే పళ్ళెం వాయించాలి, సింహమొస్తే వాయించకుండా జిప్పు వేసుకుని కదలకుండా ఉండాలి. ఈ రెండూ తారుమారు చెయ్యకే పెళ్ళామా అని పదిసార్లు చెప్పాడు.

అక్కా, ఈసారి గడప మీంచి లేవకు.

త్విలుంబా

*

కలెంగా,
ఏప్రిల్, ఏడాది కల్లు మర్నాడు.

చెల్లీ! నా బంగారూ!

ఎక్కడ మొదలుపెట్టను? నవ్వి నవ్వి డొక్కలు నొప్పెడుతున్నాయి.

నిన్న నీ అత్తవారి వాకిలి నిండా జనం. వెదురు కల్లు కుండలు వరసగా పెట్టారు. గౌడెన్స్ కొత్త కోటు వేసుకుని, మడిచిన కొత్త గుడ్డ ఒళ్ళో పెట్టుకుని, నువ్వొస్తావని దారి వైపే చూస్తున్నాడు. ఫరాజాని పక్కన కూర్చోబెట్టుకున్నాడు, నీకు ఎరగా. అప్పుడొచ్చాడు మీ ముసలాడు. గోనెసంచి తొడుక్కున్నాడు, మెడలో మొక్కజొన్న కంకుల దండ. గేటు దగ్గర నుంచే గుండెలు బాదుకుంటూ ఏడుపు లంకించుకున్నాడు.

"ఓరి ఫెస్టో! నన్నొదిలి పోయావురా! కుక్క కూరలో ఉప్పెంతో తెలిసినవాడు ఈ ఊళ్ళో నువ్వొక్కడివే కదరా!"

అంతే, జనం గొల్లుమన్నారు. ఎంగోని వచ్చాడు, ఎంగోని వచ్చాడు అని ముసలమ్మలు చప్పట్లు కొట్టారు. మీ మామగారు ఏడాదిగా నవ్వని మనిషి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. కొంబా నేరుగా వెళ్ళి ఆయన పీట మీదే కూర్చున్నాడు. ఆయన చేతికర్ర లాక్కున్నాడు, ఒక ముంత కల్లు తాగి విడుదల చేశాడు. కోడిపుంజుని లాక్కున్నాడు, మీ అత్తగారి చేత నాట్యం చేయించి విడుదల చేశాడు. ఫాదర్ గారి టోపీ కూడా లాక్కున్నాడు. దానికి విడుదల ఏం అడిగాడో ఆదివారంపూట రాయకూడదు.

తర్వాత ఫరాజా ముందు చతికిలబడ్డాడు. చెవిలో ఏదో అన్నాడు. నేను దగ్గరగా ఉన్నాను, విన్నాను. "నీ ఏనుగుకి ఐదు కాళ్ళెందుకని మీ అమ్మ అడగమంది" అన్నాడు. చెల్లీ, నెలల తరబడి రాయిలా కూర్చున్న పిల్ల ఆయన మెడ కరిచిపట్టుకుంది. ఆయన దాన్ని భుజాల మీదికి ఎత్తుకుని, "ఈ మేకపిల్ల బావుంది, తోలుకుపోతున్నా!" అన్నాడు.

అందరూ నవ్వారు. గౌడెన్స్ కూడా నవ్వాడు, "విడుదల ఏమిటో చెప్పు తాతా, కుండెడు కల్లా?" అన్నాడు.

"కల్లు ఇందాకే తాగాను" అన్నాడు కొంబా. "అన్న గొడ్డళ్ళు తీసుకున్నావు. అన్న మేకలు తీసుకున్నావు. అన్న పెళ్ళాన్ని కూడా కట్టుకుంటానంటున్నావుట. మరి అన్న కోసం ఏడ్చే ఏడుపు ఎవరు కట్టుకుంటారోయ్? మీ వదిన కట్టుకున్నలాంటి నల్లగుడ్డ నువ్వూ నీ నుదుటికి కట్టుకుని ఏడాది తిరుగు. అప్పుడు మేకపిల్లని తెచ్చిస్తాను."

వాకిలి పగిలిపోయేలా నవ్వారు. గౌడెన్స్ పెళ్ళాలు కూడా కొంగులు నోట్లో కుక్కుకున్నారు. వాడి మొహం చూడాలి, కత్తివాటుకి నెత్తురు చుక్క లేదు. ఒక్క మాట, "సరే తాతా, కట్టుకుంటాను" అని ఒక నల్లగుడ్డ నుదుటికి తగిలించుకుని ఉంటే పిల్ల తిరిగి వాడి ఒళ్ళో పడేది.  కానీ వాడికి అహంకారం తలకెక్కింది. లేచి, కర్ర తీసి ముసలాయన వీపు మీద ఒక్కటిచ్చాడు.

ముసలమ్మల చప్పట్లు ఆగిపోయాయి. కోళ్ళు కూడా అరవలేదు.

వేళాకోళపు చుట్టాన్ని కొట్టిన మనిషిని నువ్వెప్పుడైనా చూశావా? నేను చూడలేదు, మన అమ్మమ్మ కూడా చూసి ఉండదు. కొంబా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కానీ పిల్లని కిందకి దించలేదు. మీ మామగారు పీట మీంచి లేచాడు. 

"కర్మనాటి వేళాకోళానికి కోపం తెచ్చుకున్నావు. నా కొడుకు ఆత్మ ముందు కర్ర ఎత్తావు" అన్నాడు గౌడెన్స్ తో. "ఈ ఆటలో నువ్వు ఓడిపోయావు. పిల్ల మీద నీకిక నోరు లేదు, దాని తల్లి మీద అంతకన్నా లేదు. విడుదల ఏదో ఆ తల్లి చెల్లించుకుంటుంది. పో, లోపలికి పో."

నేనేం చేశానో తెలుసా? వాకిలి గడప మీద అడ్డంగా కూర్చున్నాను. లోపలున్నవాడు లోపలే. మీ బావ లేవవే అన్నాడు. "నా నడుం నొప్పి" అన్నాను. వాళ్ళిద్దరూ రోడ్డెక్కేదాకా లేవలేదు.

ఈ ఉత్తరం రేపు బస్సులో పంపుతున్నాను. మీ బావ నాతో మాట్లాడటం లేదు. పొయ్యి దగ్గర హాయిగా ఉంది.

పిల్ల చేరిందా? వెంటనే రాయి. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఉన్నాను.

అక్క

*

ఎంబుయుని,
మే.

అక్కా,

నీ ఉత్తరం ఈ రోజే చేతికొచ్చింది, కొంబా తాత జేబులోంచి. ఇన్నాళ్ళూ అది అవతలి ఒడ్డునే ఉంది, నా పిల్ల కూడా అక్కడే ఉంది.

తాత వెళ్ళిన కొన్నాళ్ళకే నది ఇంకా పొంగింది. మా ఒడ్డున తీగె కట్టిన చెట్టు కూకటివేళ్ళతో లేచిపోయింది. పెట్టె, కప్పీ, తీగె అన్నీ కొట్టుకుపోయాయి. ఉప్పు లేదు, ఉత్తరం లేదు, మనిషి మాట లేదు. పిల్ల ఏమైందో తెలియదు. నాలో నేనే మాట్లాడుకునేదాన్ని. ఏనుగులొస్తే పళ్ళెం వాయించడం కూడా మానేశాను, అవైనా ఉన్నాయిలే అనిపించేది.

ఒకరోజు పొద్దున్న నీళ్ళ కోసం వెళ్తే అవతలి ఒడ్డున గోనెసంచి మనిషి. భుజాల మీద నా పిల్ల.

అరిచాను. నది హోరులో నా గొంతు నాకే వినపడలేదు. అది కూడా అరుస్తోంది, నోరు తెరుచుకోవడం కనపడుతోంది అంతే. నీళ్ళలోకి దిగబోయాను. దుంగలనుకున్నవి కదిలాయి, మొసళ్ళు. వెనక్కి జరిగి కూర్చున్నాను. ఎదురుగా ఉండి ముట్టుకోలేకపోవడం ఎలా ఉంటుందో నేను రాయలేను. పిల్ల ఎక్కడో దూరాన ఉన్నప్పుడే నయమనిపించింది, అంత పాపిష్టి ఆలోచన కూడా వచ్చింది.

మర్నాడు నాకొక ఉపాయం తట్టింది. మేనేజరు గారి తెల్ల దుప్పటి తీసి, బొగ్గుతో ఏనుగు బొమ్మ గీసి, బట్టలారేసే తీగెని నది వైపు లాగి కట్టి ఆరేశాను. ఫరాజా చూసింది. చూసి, చెయ్యెత్తి ఐదు వేళ్ళు చూపించింది. ఊపి ఊపి చూపించింది. నేను వెళ్ళి ఐదో కాలు గీశాను. అవతల అది గంతులేసింది. అప్పట్నించీ రోజుకో దుప్పటి. జిరాఫీ, కోడి, నువ్వు, గడప మీద కూర్చున్న నువ్వు. (అది నాకప్పుడు తెలియదు, వట్టినే వేశాను. నీ ఉత్తరం చదివాక ఒళ్ళు గగుర్పొడిచింది.) జూన్‌లో మేనేజరు వచ్చి బీరువా తెరిచి గుండెలు బాదుకుంటాడు, బాదుకోనీ.

ఈ పొద్దున నీళ్ళు తగ్గాయి. కాపలావాళ్ళు పడవ దించారు. పడవ ఒడ్డుకి తగలగానే నేను మోకాలి లోతు నీళ్ళలో ఉన్నాను, చేతులు చాపి. కొంబా తాత పడవలోంచి లేచి నిలబడ్డాడు. పిల్లని భుజాల మీంచి దించలేదు.

"విడుదల?" అన్నాడు.

"తాతా, ఇది నవ్వులాట సమయం కాదు, ఇవ్వు" అన్నాను.

"విడుదల లేకుండా ఎలా ఇస్తానే? మీ మామగారి తీర్పు."

నాకు ఒళ్ళు మండిపోయింది.  చెయ్యెత్తాను అక్కా, ఆయన్ని కొట్టడానికే ఎత్తాను. ఆయన కదల్లేదు.

"కొడితే పిల్ల నాదే" అన్నాడు మెల్లగా. "ఆలోచించుకో పెళ్ళామా. నా వీపు మీద ఇంకా ఒక్కదానికి చోటుంది."

చెయ్యి దించాను. ఏడుస్తూనే నోటికొచ్చింది అన్నాను. "పళ్ళు లేని ముసలి నక్కా, మా బల్లేలు చూసి పరిగెత్తినవాళ్ళలో పడవెక్కి తిరిగొచ్చింది నువ్వొక్కడివే. ఏం కావాలి నీకు, కుక్క కాలా?"

"అదీ హెహె ఆడదంటే!" అని ఒక చెయ్యి చాపాడు. "నీ నుదుటి మీదున్న ఆ నల్లగుడ్డ. అదే విడుదల."

కాపలావాళ్ళు తెడ్లు వెయ్యడం ఆపేశారు. నేను తీసుకోకూడదు, తీసే హక్కున్నవాడు గౌడెన్స్. కానీ వేళాకోళపు చుట్టం చేతికందింది లాక్కోవచ్చు. ఈ ముక్క ఆయన ఎప్పుడు ఆలోచించాడో! వంటింట్లో గ్లాసులోకి చూస్తూ కూర్చున్నప్పుడే అయ్యుండాలి. తల వంచాను. ఆయన వంగి, రుమాలు విప్పాడు, దాని కింద నల్లగుడ్డ విప్పాడు. విప్పి తన నెత్తికి చుట్టుకుని, "ఫెస్టో పెళ్ళాం మొహం కనపడిందహో!" అని గావుకేక పెట్టాడు. తర్వాత పిల్లని నా చేతుల్లో పెట్టాడు. ఫరాజా నా నుదురు నిమిరి, "ఇక్కడ తెల్లగా ఉందేంటమ్మా?" అంది. ఏడాదిగా ఎండ తగలని చోటు కదా.

లారీ దారి ఇంకా తెరుచుకోలేదక్కా, మేనేజరు వచ్చేదాకా జీతమూ చేతికి రాదు. జూన్ దాకా మేం ముగ్గురం ఇక్కడే, ముందు నది, వెనక వాగు. న్జోంబే సిస్టర్‌కి పడవవాళ్ళతో కబురు పంపాను, ఆలస్యమవుతుందని. నల్లగుడ్డని తాత కర్రకి కట్టి తోటకూర మడిలో పాతాడు, కోతుల్ని బెదిరించడానికి. ఇప్పుడే ఒక కోతి దాన్ని పీక్కుని చెట్టెక్కింది. నాకు భయం వేసి చెయ్యి నుదుటి మీదికి పోయింది. అక్కడ ఏమీ లేదు.

గడప మీద కూర్చున్నావుగా, ఇక నీ మీద నాకు కోపం లేదు. బావ మాట్లాడటం మొదలుపెడితే నా తరఫున ఆయన నడుం మీద ఒక వేడి ఇటుక ఎక్కువ పెట్టు.

ఫరాజా ఈ కాగితం ఎప్పుడిస్తావని ఇందాకటి నుంచీ మోచెయ్యి లాగుతోంది. ఇచ్చేస్తున్నాను. వెనక్కి తిప్పి చూడు.

నీ చెల్లెలు
త్విలుంబా